ఇంట్లో వీడియో క్యాప్చర్, ఎడిటింగ్: ఏ కార్డు కొనాలి? విశాఖ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్లుగా సీతమ్మధారలోని మా ఫ్లాట్‌లో ఒక మూల వీసీఆర్, కంప్యూటర్ పక్కపక్కనే ఉంటున్నాయి. మా అక్క పెళ్లి క్యాసెట్‌తో మొదలైన పని, మెల్లగా బంధువుల క్యాసెట్లకూ అపార్ట్‌మెంట్‌వాళ్ల క్యాసెట్లకూ పాకింది. ఇప్పుడు గాజువాక నుంచి, పెందుర్తి నుంచి, భీమిలి నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. దాదాపు అందరూ మొదట అడిగేది ఒక్కటే: "ఏ కార్డు కొనమంటారు?" ఫోన్‌లో చెప్పీ చెప్పీ కొన్ని విషయాలు మరిచిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

వీడియో కార్డు అంటే క్యాప్చర్ కార్డా, గ్రాఫిక్స్ కార్డా?

ఈ రెండూ వేరు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ తికమక దగ్గరే. బయటి నుంచి, అంటే వీసీఆర్ నుంచో కెమెరా నుంచో, వచ్చే బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకునేది క్యాప్చర్ కార్డు. లోపలికి వచ్చిన బొమ్మను తెర మీద చూపించేది, ఎడిటింగ్‌లో ఎఫెక్టులు లెక్కగట్టేది, చివర్లో ఫైలుగా మార్చడానికి సాయపడేది గ్రాఫిక్స్ కార్డు.

పాతవాళ్లకు తికమక ఉండటంలో తప్పు లేదు. 1990లలో వచ్చిన ఏటీఐ ఆల్-ఇన్-వండర్ లాంటి కార్డుల్లో రెండు పనులూ ఒకే దాంట్లో ఉండేవి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు వెనక ఉండే హెచ్‌డీఎమ్ఐ రంధ్రం మాత్రం బొమ్మను బయటకు పంపడానికే. కెమెరా వైరును దానికి తగిలిస్తే ఏమీ రాదు. ఆర్‌టీఎక్స్ అనే గ్రాఫిక్స్ కార్డు కొని తెచ్చుకున్నాక "వీసీఆర్ పిన్ను ఎక్కడ పెట్టాలి?" అని అడిగినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

అయితే ముందు దేనికి డబ్బు పెట్టాలి?

క్యాసెట్లు ఉన్నవాళ్లయితే ముందు మంచి ప్లేయర్‌కు, తర్వాత క్యాప్చర్ పరికరానికి, ఆపైన హార్డ్ డిస్కులకు పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికన్నా చివర. ఈ వరస విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. దానికి కారణం ఉంది.

మొదట్లో నాకు ఇదంతా తెలియదు. ఇక్కడే ఒక షాపులో అంటగట్టిన చవక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌తో మా నాయనమ్మ షష్టిపూర్తి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఫైలు చిన్నదిగా ఉంటే మంచిదనుకుని క్వాలిటీ బాగా తగ్గించాను. కాస్త చూసి, బాగానే ఉందనుకుని, రీలు నలిగిపోయిన ఆ క్యాసెట్‌ను పారేశాను. తర్వాత ఫైలు మొత్తం చూస్తే, అరగంట దాటాక మాట ముందు, పెదవులు వెనక. బొమ్మంతా గళ్లు గళ్లు. నాయనమ్మ పాడిన మంగళహారతి ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. తర్వాత మంచి పరికరం కొన్నాను, మంచి కార్డు కొన్నాను. అందులో పెట్టడానికి క్యాసెట్ లేదు.

గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాది కొన్నా కొంపేమీ మునగదు. రీలు మాత్రం ఏటేటా పాడవుతూనే ఉంటుంది. వీసీఆర్‌లను చివరివరకూ తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వాటిని ఆపేసింది. ఇక దొరికేవన్నీ వాడినవే.

నా దగ్గరున్నది ఏ రకం క్యాసెట్?

పుస్తకమంత పెద్దదైతే వీహెచ్ఎస్. మన ఇళ్లలో పెళ్లి క్యాసెట్లు ఎక్కువగా ఇవే. మీద ఈ-180 అని ఉంటే మూడు గంటలు. ఆడియో క్యాసెట్‌కు కాస్త అటూ ఇటూగా, మందంగా ఉంటే వీడియో 8, హై 8, డిజిటల్ 8లలో ఏదో ఒకటి; పేరు దాని మీదే ఉంటుంది. అగ్గిపెట్టెకు కొంచెం పెద్దగా ఉంటే మినీ డీవీ. కొనేముందు క్యాసెట్‌ను చేతిలోకి తీసుకుని చూడండి, ఎందుకంటే రకాన్ని బట్టి కొనాల్సిన పరికరమే మారిపోతుంది.

వీహెచ్ఎస్‌కు ఎలాంటి క్యాప్చర్ పరికరం కావాలి?

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులతో పాటు ఎస్-వీడియో పిన్ను కూడా ఉన్న యూఎస్‌బీ పరికరం చాలు. మామూలు వీహెచ్ఎస్ వీసీఆర్‌కు పసుపు పిన్ను ఒక్కటే ఉంటుంది. ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్ గానీ హై 8 కెమెరా గానీ ఉంటే తప్పకుండా ఎస్-వీడియో వాడండి. అందులో వెలుగు, రంగు వేర్వేరు తీగల్లో వస్తాయి. పసుపు పిన్నులో రెండూ కలిసి వచ్చి, మళ్లీ విడదీసేటప్పుడు చీర అంచుల దగ్గర రంగులు పాకినట్టు, చుక్కలు కదిలినట్టు కనిపిస్తుంది.

పరికరం 720 × 576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అని రెండు ఫీల్డులుగా పంపే) బొమ్మను ఉన్నదున్నట్టు ఇవ్వాలి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ కొలత అదే. కొన్ని చవక స్టిక్‌లు సగం గీతలు పారేసి, మిగిలిన సగాన్ని సాగదీసి ఇస్తాయి. గుర్తుపట్టడం తేలిక: ఎవరైనా చెయ్యి వేగంగా ఊపిన చోట ఆపి చూస్తే అంచులు దువ్వెన పళ్లలా కనిపించాలి. ఆ పళ్లు ఉంటే రెండు ఫీల్డులూ వచ్చాయని అర్థం. వాటిని తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. చాలామంది ఆ గీతలు చూసి పరికరం పాడైందని వెనక్కి ఇచ్చేస్తున్నారు. దయచేసి అలా చేయకండి.

రీలు పాతబడినకొద్దీ బొమ్మ పైభాగం వంగుతుంది, గీతలు వణుకుతాయి. దానికి మందు టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం. విడిగా కొనాలంటే ఖరీదు చాలా ఎక్కువ. దానికి బదులు పానాసోనిక్ ఈఎస్10, ఈఎస్15 లాంటి పాత డీవీడీ రికార్డర్లను మధ్యలో పెట్టడం ప్రపంచమంతటా ఈ పని చేసేవాళ్లకు తెలిసిన ఉపాయం. వీసీఆర్ నుంచి వైరు రికార్డర్‌లోకి, అక్కడి నుంచి క్యాప్చర్ పరికరంలోకి. డీవీడీ రాయాల్సిన పని లేదు, బొమ్మ దాని గుండా వెళ్తే చాలు. పాత సామాన్ల షాపులో ఇలాంటిది కనిపిస్తే వదలకండి.

ఏవీ నుంచి హెచ్‌డీఎమ్ఐకి మార్చే చిన్న డబ్బా చాలదా?

టీవీలో చూసుకోవడానికి చాలు. దాచుకోవడానికి వద్దు. ఆ డబ్బా 50 ఫీల్డుల బొమ్మను తనకు తోచినట్టు కలిపేసి, 720 లేదా 1080కి సాగదీసి, తరచు సెకనుకు 60కి మార్చేస్తుంది. కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది. ఒకసారి అలా కలిసిపోయాక విడదీయలేం.

మినీ డీవీ క్యాసెట్లకు ఏ కార్డు?

ఇక్కడ శుభవార్త ఉంది. మినీ డీవీలో ఉన్నది ముందే డిజిటల్ సమాచారం. దాన్ని క్యాప్చర్ చేయడం అంటే నిజానికి పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసినట్టే. కావాల్సింది ఫైర్‌వైర్ అనే పాత రకం డిజిటల్ కేబుల్‌కు చోటిచ్చే కార్డు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లేదా వయా చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు సరిపోతుంది, ఖరీదు కూడా తక్కువే. కెమెరా వైపు నాలుగు పిన్నులు, కార్డు వైపు ఆరు పిన్నులు ఉన్న కేబుల్ తీసుకోండి. కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపి ఉన్నప్పుడే కేబుల్ తగిలించండి. నడుస్తుండగా తగిలిస్తే కెమెరాలోని ఫైర్‌వైర్ చిప్ పోయే ప్రమాదం ఉంది.

యూఎస్‌బీ నుంచి ఫైర్‌వైర్‌కు అని అమ్మే చిన్న పిన్నులు ఉత్త రూపం మార్పే, పనిచేయవు. ఆ కెమెరాల యూఎస్‌బీ రంధ్రం కూడా ఎక్కువగా ఫొటోల కోసమే. మ్యాక్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26తో ఆపిల్ ఫైర్‌వైర్‌ను తీసేసింది. పాత మ్యాక్ ఉంటే అప్‌డేట్ చేయకుండా ఈ పనికి ఉంచుకోండి. విండోస్‌లో అయితే విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ చాలు.

ఇంకో మాట. డిజిటల్ 8 కెమెరాల్లో కొన్ని పాత వీడియో 8, హై 8 క్యాసెట్లను కూడా ఆడించి, ఫైర్‌వైర్ ద్వారా పంపగలవు. మీ మావయ్యగారి బీరువాలో అలాంటి కెమెరా ఉందేమో ముందు అడగండి.

"4కె" అని రాసి ఉన్న కొన్ని వందల రూపాయల హెచ్‌డీఎమ్ఐ స్టిక్ కొనవచ్చా?

దాని మీద రాసిన 4కె లోపలికి వచ్చే సిగ్నల్ గురించి. కంప్యూటర్‌కు అది ఇచ్చేది చాలావరకు 1080 సైజులో సెకనుకు 30 ఫ్రేములే, అదీ బాగా కుదించిన రూపంలో. ఎందుకో లెక్క చూడండి. 1080 బొమ్మను కుదించకుండా సెకనుకు 60 ఫ్రేములు పంపాలంటే, రంగు సమాచారాన్ని తగ్గించి పంపినా సుమారు 1.5 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 మెగాబిట్లు. యూఎస్‌బీ 3.0కి 5 గిగాబిట్లు ఉన్నాయి. అందుకే హెచ్‌డీఎమ్ఐ క్యాప్చర్ కొంటే యూఎస్‌బీ 3.0 దాన్నే కొని, నీలం రంగు పోర్టులోనే పెట్టండి. 4కె 60 ఫ్రేములు నిజంగా కావాలనుకునేవాళ్లు మదర్‌బోర్డులో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ×4 కార్డు చూడాలి.

ఆన్‌లైన్ క్లాసుకు, పూజ లైవ్ ఇవ్వడానికి చవక స్టిక్ పరవాలేదు. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి లైవ్ దాంతోనే నడుస్తోంది.

కొత్త కెమెరా, ఫోన్ ఉన్నవాళ్లకు క్యాప్చర్ కార్డు కావాలా?

అక్కర్లేదు. మెమరీ కార్డులోని ఫైలును కాపీ చేసుకోవడమే. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ కెమెరాల నుంచి ఇదే పద్ధతి. లైవ్ ఇవ్వాలంటే తప్ప వీళ్లకు క్యాప్చర్ కార్డు దండగ.

ఎక్కించేటప్పుడు ఏ ఫార్మాట్? ఎంత జాగా పడుతుంది?

720 × 576 బొమ్మను ఏమీ కుదించకుండా దాస్తే గంటకు సుమారు 75 జీబీ. మూడు గంటల పెళ్లికి 225 జీబీ. హఫ్‌వైయూవీ, లగరిత్ లాంటి నష్టం లేని కోడెక్ (కుదింపు పద్ధతి) వాడితే ఇందులో సగమో, ఇంకా తక్కువో అవుతుంది. నేను చేసేది అదే. డీవీ రూపంలో గంటకు సుమారు 13 జీబీ. వీహెచ్ఎస్‌కు డీవీ కూడా చెడ్డదేమీ కాదు. జాగా తక్కువున్నవాళ్లు ధైర్యంగా వాడవచ్చు.

ఎడిటింగ్ అయ్యాక ఇంట్లోవాళ్లకు ఇవ్వడానికి హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన ఫైలు చేసుకోండి. మొదట ఎక్కించిన అసలు ఫైలును మాత్రం చెరిపేయవద్దు. హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకటి వేరే ఊళ్లో పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్లు. ఆల్బమ్‌లు, క్యాసెట్లు, కంప్యూటర్ అన్నీ ఒకే బల్ల మీద ఉన్నాయి. అప్పటి నుంచి నా రెండో డిస్కు హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గర ఉంటోంది.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి పంపిన క్యాసెట్ నలుపు తెలుపులో వస్తోంది. కార్డు పాడైందా?

కార్డు బాగానే ఉంది. అమెరికా క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటుంది: 720 × 480, సెకనుకు 29.97 ఫ్రేములు. మన వీసీఆర్ దాన్ని ఆడించగలదో లేదో ముందు చూసి, క్యాప్చర్ ప్రోగ్రామ్‌లో పాల్ బదులు ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి. కొన్ని వీసీఆర్‌లు రెండింటికీ మధ్యలో ఉండే పాల్ 60 అనే రూపంలో పంపుతాయి. అప్పుడు ఆ మాట ఉన్న సెట్టింగే పెట్టాలి. విశాఖలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారేమో అనిపించేంతగా ఈ ప్రశ్న వస్తుంటుంది.

ఇక గ్రాఫిక్స్ కార్డు. అసలు కావాలా?

పాత క్యాసెట్లు మాత్రమే అయితే వద్దు. 720 × 576 బొమ్మ ఇప్పటి ఏ కంప్యూటర్‌కైనా నల్లేరు మీద నడకే. దువ్వెన గీతలు తీసేసే మంచి పద్ధతి క్యూటీజీఎంసీ కూడా ఎక్కువగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. కార్డుకు పెట్టే డబ్బుతో మంచి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ కొనుక్కోండి.

ఫోన్‌లో తీసిన 4కె వీడియోలు, పెళ్లి కెమెరా ఫైళ్లు ఎడిట్ చేసేవాళ్లకు కార్డు ఉపయోగం ఉంది. ఐఫోన్‌లో 4కె 60 ఫ్రేములు పెట్టి తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ. అరకు రైల్లో వెళ్తూ సొరంగాలు, వంతెనలు తీసుకుంటూ పోతే ఒక్క ప్రయాణంలో ఎన్ని జీబీలో లెక్క వేసుకోండి. పైగా అవి హెచ్ఈవీసీ అనే పద్ధతిలో బాగా కుదించిన ఫైళ్లు. వాటిని విప్పి చూపించడానికే ప్రాసెసర్ ఆయాసపడుతుంది.

కార్డులో ఏమి చూసి కొనాలి? షాపులో అందరూ గేముల్లో ఎన్ని ఫ్రేములు వస్తాయో చెబుతున్నారు.

గేముల లెక్క మన పనికి దాదాపు అనవసరం. మనం చూడాల్సింది కార్డులో వీడియో కోసమే విడిగా ఉండే రెండు భాగాలు. ఒకటి ఫైలును విప్పేది, డీకోడర్. ఇంకొకటి ఫైలుగా మడిచేది, ఎన్‌కోడర్. ఎన్‌విడియాలో ఎన్‌కోడర్‌ను ఎన్‌వెంక్ అంటారు. ఇంటెల్‌లో రెండూ కలిపి క్విక్ సింక్. టైమ్‌లైన్ మీద వేలు జరిపితే బొమ్మ వెంటనే కదలాలంటే డీకోడర్ బాగుండాలి. గంట సినిమా త్వరగా ఎక్స్‌పోర్ట్ కావాలంటే ఎన్‌కోడర్ ఉండాలి.

కొన్ని కార్డుల్లో ఎన్‌కోడర్ అసలే లేదు. జీటీ 1030లో ఎన్‌వెంక్ లేదు. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీల్లోనూ వీడియో ఎన్‌కోడర్ తీసేశారు, ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతికి డీకోడర్ కూడా లేదు. గేములకు వాటి వాటి స్థానం ఉంది. వీడియో ఎడిటింగ్‌కు ఎవరైనా ఇవి చూపిస్తే మర్యాదగా వద్దనండి.

నా సలహా ఇలా ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ కొత్తగా కొంటున్నవాళ్లు పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నదాన్ని కొనవద్దు. ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా పోతుంది. కాస్త తక్కువ ధరకు వస్తుందని షాపులవాళ్లు అదే ఇస్తుంటారు. ఎఫ్ లేని ప్రాసెసర్‌తో కొన్ని నెలలు పని చేసి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది.

ఇంకా కావాలంటే, మధ్యస్థంగా ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీది, లేదా ఆర్‌టీఎక్స్ 4060. మొదటిదానికి మెమరీ ఎక్కువ. రెండోది కరెంటు తక్కువ తీసుకుంటుంది, ఏవీ1లో ఎక్స్‌పోర్ట్ కూడా చేయగలదు. ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా 12 జీబీతో వీడియో పనికి చాలా బాగుంటుంది, కానీ అది రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే) సౌకర్యం ఉన్న కొత్త మదర్‌బోర్డుల్లోనే పూర్తిగా పనిచేస్తుంది. ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్‌లో ఆర్క్ పెట్టవద్దు.

మా తమ్ముడు పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. అతని కెమెరా ఫైళ్లు పెద్ద కార్డు ఉన్నా ఆగి ఆగి ఆడుతున్నాయి. ఎందుకు?

ఫైలు వివరాల్లో 4:2:2, 10 బిట్ అని ఉందేమో చూడమనండి. ఇప్పటి పెళ్లి కెమెరాలు రంగులు బాగా రావడానికి ఇలా రికార్డు చేస్తాయి. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 40 వరుస వరకు ఏ కార్డూ వీటిని తన డీకోడర్‌తో విప్పలేదు, ఎంత ఖరీదైనదైనా సరే. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస నుంచే ఆ సౌకర్యం మొదలైంది. ఇంటెల్ 11వ తరం ఐ5 నుంచి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ మాత్రం హెచ్ఈవీసీ 4:2:2ను ఎప్పటి నుంచో విప్పుతోంది. అందుకే లక్ష రూపాయల కార్డు చేయలేని పని, ఒక్కోసారి మామూలు ఐ5 చేస్తుంది. ఆ తమ్ముడి కంప్యూటర్‌లో అలాంటి ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంచుకుంటే పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది.

అదీ లేకపోతే ప్రాక్సీలు చేసుకోవాలి. అంటే ప్రతి ఫైలుకూ తేలికపాటి నకలు చేసి, నకళ్ల మీద కోసుకుని, చివర ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫైళ్లను వాడుకోవడం. రాత్రి పడుకునేముందు పెడితే తెల్లారేసరికి తయారవుతాయి. కార్డు కొనేముందు ఈ పద్ధతి ఒక్కసారి ప్రయత్నించమని అందరికీ చెబుతాను. సగంమంది ఆ తర్వాత కార్డు మాట ఎత్తలేదు.

కార్డులో మెమరీ ఎంత ఉండాలి?

1080 వీడియోకు 4 జీబీతో సర్దుకోవచ్చు. 4కెకు 8 జీబీ ఉండాలి. చీకట్లో తీసిన వీడియోలో ముతక చుక్కలు తగ్గించే ఎఫెక్టులు ఎక్కువ వాడితే 12 జీబీ.

మా పాత కంప్యూటర్‌లో పెడితే ఎస్ఎంపీఎస్ తట్టుకుంటుందా?

ఎస్ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదైతే నమ్మవద్దు. దాని మీద 450 వాట్లు అని రాసి ఉన్నా నిజంగా ఇచ్చేది వేరు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు ఒక్కటే 115 వాట్లు, 3060 అయితే 170 వాట్లు తీసుకుంటుంది. రెండింటికీ కంపెనీ చెప్పేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్. కార్డుకు అదనపు పవర్ పిన్ను కావాలి, ఆ వైరు మీ ఎస్ఎంపీఎస్ నుంచి వస్తోందో లేదో మూత తీసి చూసుకోండి. కార్డు పొడవు కూడా కొలుచుకోండి.

యూపీఎస్ తప్పనిసరి. మండు వేసవిలో, తుపాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మూడు గంటల క్యాసెట్ రెండున్నర గంటల దగ్గర ఆగిపోతే కలిగే బాధ మాటల్లో చెప్పలేను. పైగా ఆ పాత రీలును మళ్లీ మొదటి నుంచి తిప్పాలి. కార్డు ఉన్న కంప్యూటర్, వీసీఆర్ రెండింటికీ కలిపి 1000 వీఏ యూపీఎస్ తీసుకోండి. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బొమ్మ మీద అడ్డంగా లావుపాటి చార మెల్లగా పైకి జరుగుతుంటే అది చాలాసార్లు ఎర్తింగ్ గొడవే.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనవచ్చా?

కొనవచ్చు, కానీ కళ్లముందు నడిపించి చూశాకే. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పెద్దఎత్తున అమ్మకానికి వచ్చాయి. అరగంట సేపు ఒక 4కె ఫైలును ఎక్స్‌పోర్ట్ పెట్టి, ఫ్యాను శబ్దం, వేడి గమనించండి. ఎన్‌విడియా జీటీఎక్స్ 900, 1000 వరుసలు చవకగా దొరుకుతాయి. వాటికి మామూలు డ్రైవర్ అప్‌డేట్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు కొత్త డ్రైవర్లు అడుగుతాయి కాబట్టి ఇప్పుడు వాటిని కొనమని నేను చెప్పను.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో వాడిన కార్డయితే మదర్‌బోర్డులోకి దిగే బంగారు రంగు పళ్లు, స్క్రూలు చూడండి. ఉప్పుగాలికి తుప్పు ముందు అక్కడే కనిపిస్తుంది. పోర్టు దగ్గర వన్‌టౌన్ వైపు అయితే ఫ్యానులో నల్లటి ధూళి.

సాఫ్ట్‌వేర్‌కు కూడా డబ్బు కట్టాలా?

అవసరం లేదు. వీహెచ్ఎస్ ఎక్కించడానికి వర్చువల్‌డబ్, హెచ్‌డీఎమ్ఐకి ఓబీఎస్ స్టూడియో, ఎడిటింగ్‌కు షాట్‌కట్, కెడెన్‌లైవ్. అన్నీ ఉచితం. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ కూడా చాలా గొప్పది. అల్ట్రా హెచ్‌డీ దాటి ఎక్స్‌పోర్ట్ చేయదు, ఇంట్లో అంతకన్నా ఎవరికి కావాలి? లైనక్స్ వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త: లైనక్స్‌లో దాని ఉచిత వెర్షన్ హెచ్.264 ఫైళ్లనే తెరవదు.

పాత క్యాసెట్‌ను యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ఒక చిట్కా. గీతలు తీసేటప్పుడు సెకనుకు 50 ఫ్రేములుగా చేసి, 1440 × 1080కి పెంచి ఎక్కించండి. యూట్యూబ్ 720, ఆ పైన మాత్రమే 50 ఫ్రేములు చూపిస్తుంది. అక్షింతలు పడేటప్పుడు, డప్పు దగ్గర కుర్రాళ్లు ఆడేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

మాట, బొమ్మ కలవడం లేదు. కార్డు మార్చాలా?

ముందు ఒకటి చూడండి: ఎరుపు, తెలుపు ఆడియో పిన్నులు ఎక్కడ పెట్టారు? బొమ్మ క్యాప్చర్ పరికరంలోకి, మాట కంప్యూటర్ వెనక మైకు రంధ్రంలోకి వెళ్తుంటే రెండింటి గడియారాలూ వేరు. గంట గడిచేసరికి మాట జరిగిపోతుంది. రెండూ ఒకే పరికరంలోకి పంపండి. ఫోన్ వీడియోల్లో కారణం వేరు. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల సంఖ్య మారుస్తుంటాయి. వాటిని ముందు హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేముల సంఖ్యకు మార్చుకుని ఎడిటింగ్‌కు తీసుకోండి.

రీలు అంచున తెల్లగా ఏదో ఉంది. ఆడించవచ్చా?

ఆడించకండి. అది బూజు. మన ఊరి తేమకు అటక మీద దాచిన క్యాసెట్లలో చాలా మామూలు. ఒక్క బూజు క్యాసెట్ వీసీఆర్ హెడ్‌ను పాడుచేసి, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ అంటిస్తుంది. దాన్ని వేరే కవర్లో పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. హెడ్‌ను శుభ్రం చేసేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి తోలు వాడతారు. దూది వద్దు, పోగులు ఇరుక్కుంటాయి. ఏసీ గదిలోంచి తెచ్చిన క్యాసెట్‌నూ, కెమెరానూ రెండు మూడు గంటలు గది వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు ఆడించండి. లేకపోతే లోపల చెమ్మ పట్టి రీలు డ్రమ్ముకు అతుక్కుంటుంది.

విశాఖలోనే కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్ అయితే ద్వారకానగర్, డైమండ్ పార్క్ వైపు షాపుల్లో కొనడమే నాకు ఇష్టం. పెట్టి చూపిస్తారు, వారంటీకి మళ్లీ అక్కడికే వెళ్లవచ్చు. 18 శాతం జీఎస్‌టీతో అసలు బిల్లు అడగండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఫైర్‌వైర్ కార్డు, ఎస్-వీడియో పరికరం షాపుల్లో అరుదు. అవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోక తప్పదు.

సెట్‌టాప్ బాక్స్‌లో వచ్చే సినిమాలు క్యాప్చర్ చేయవచ్చా?

హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది, నల్లటి తెర వస్తుంది. కార్డు లోపం కాదు. హక్కుదారుల అనుమతి లేకుండా ఆ తాళం తీసే దారులు నేను చెప్పను.

అంతా ఎక్కించాక క్యాసెట్లు పారేయవచ్చా?

వద్దు. మొదట, ఫైలును మొదటి నుంచి చివరివరకూ కూర్చుని చూడండి, కొద్దిగా చూసి ఆపకండి. అప్పుడు రీలును మొదటికి తిప్పి, క్యాసెట్‌ను పుస్తకంలా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. స్పీకర్లకు దూరంగా, నేలకు కాస్త ఎత్తులో, అటక మీద కాకుండా బీరువాలో. డబ్బా మీద క్యాసెట్ పేరు, ఎక్కించిన తేదీ, ఫైలు ఏ డిస్కులో ఉందో రాయండి. వానాకాలం ముందోసారి, తర్వాతోసారి ఆ పొట్లాలు మార్చండి.